బోర్సద్ ప్లీడరు, అహ్మదాబాదు అధ్యక్షుడు

పిల్లలూ, అక్టోబరు 31 వచ్చిందంటే మన బడులన్నింటిలోనూ ఏకతా దినోత్సవం. ప్రార్థనలో ప్రతిజ్ఞ చేయిస్తాం, మైదానం చుట్టూ పరుగు పెట్టిస్తాం, పై తరగతి పిల్లలెవరో ఒకరు సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడతారు. ఆ ప్రసంగాన్ని మేము ఇప్పటికి నాలుగు రాష్ట్రాల్లో విన్నాం. ఊరు మారింది, భాష మారింది, ప్రసంగం మాత్రం మారలేదు. ఉక్కు మనిషి, 560కి పైగా సంస్థానాలు, 182 మీటర్ల విగ్రహం. అన్నీ నిజాలే. కానీ సంస్థానాల పని చేతికి వచ్చేనాటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. అంతకు ముందు ఆయన ఏం చేసేవారు అని అడిగితే "వకీలు" అంటారు, ఆ తర్వాత మాట తడుముకుంటారు.

వకీలు పనికీ దేశం పనికీ మధ్య ఆయన ఒక మునిసిపాలిటీలో పనిచేశారు. 1917లో కౌన్సిలరుగా అడుగుపెట్టి, 1928లో అధ్యక్షుడిగా బయటికి వచ్చారు. కాలువలు, కుళాయిలు, పన్నుల బకాయిలు, చెత్తబండ్లు, ఇవీ ఆ పదకొండేళ్ళలో ఆయన చూసిన సంగతులు. ఈసారి మన పాఠం వాటి గురించే.

పాఠంలోకి వెళ్ళేముందు కొన్ని మాటలు తెలుసుకుందాం. చిన్న పట్టణాన్ని చూసుకునే సంస్థను తెలుగులో పురపాలక సంఘం అంటాం, మునిసిపాలిటీ అన్నా అందరికీ తెలుస్తుంది. దాని పెద్ద ఛైర్మన్. ఊరు బాగా పెరిగితే అది నగరపాలక సంస్థ అవుతుంది, అంటే కార్పొరేషన్. దాని పెద్ద మేయరు. ఊరిని వార్డులుగా పంచుతారు. వార్డు నుంచి గెలిచినవారు మునిసిపాలిటీలో అయితే కౌన్సిలరు, కార్పొరేషన్‌లో అయితే కార్పొరేటరు. పటేల్ కాలంలో అహ్మదాబాదు ఇంకా మునిసిపాలిటీయే. అది కార్పొరేషన్ అయింది 1950లో. కాబట్టి ఆయన హోదా పేరు అధ్యక్షుడు. పని మాత్రం ఇవాళ మనం మేయరు అనుకునేవారి పనే.

ఆయన అహ్మదాబాదు మనిషి కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పుట్టింది నడియాద్‌లో, అమ్మమ్మగారి ఇంట్లో. సొంతూరు కరంసద్, రైతు కుటుంబం. పుట్టిన తేదీ కూడా ఎవరూ రాసి పెట్టుకోలేదు. మెట్రిక్యులేషన్ పరీక్ష దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదలకూడదు కదా, 1875 అక్టోబరు 31 అని ఆయనే వేశారు. మనం ఏటా పరుగు తీసేది ఆ దరఖాస్తులో పడిన తేదీన.

చదువు కూడా ఒక్కచోట సాగలేదు. కరంసద్, పెట్లాద్, నడియాద్, బరోడా, మళ్ళీ నడియాద్. మెట్రిక్యులేషన్ పూర్తయ్యేసరికి 1897 వచ్చింది, ఆయనకు ఇరవై రెండేళ్ళు. ఊరు మారి, బడి మారి, సిలబస్ మారి, తోటివాళ్ళకన్నా ఒక తరగతి వెనకపడ్డామని దిగులుపడే పిల్లలు మా దగ్గరికి ప్రతి జూన్‌లోనూ వస్తుంటారు. వాళ్ళకు మేము ఈ ఇరవై రెండు అంకె చెబుతుంటాం.

బరోడా బడిలో జరిగిన ఒక సంగతి భాష పాఠాలు చెప్పేవాళ్ళకు భలే ఇష్టం. అక్కడ సంస్కృతం తీసుకోవాలా, గుజరాతీ తీసుకోవాలా అన్నది పిల్లల ఇష్టం. వల్లభ్‌భాయి గుజరాతీ తీసుకున్నారు. ఆ గుజరాతీ మాస్టారికి మాత్రం సంస్కృతం వదిలేసి వచ్చిన పిల్లలంటే చిన్నచూపు. వచ్చాడండీ మహానుభావుడు, అని ఎకసెక్కం చేశారట. అందరూ సంస్కృతమే తీసుకుంటే మీరు ఎవరికి చెబుతారండీ, అని ఈ పిల్లవాడు తిరిగి అడిగాడట. మాస్టారికి ఒళ్ళు మండింది. వెనక బెంచీ, దాంతోపాటు ఎక్కాలు రాసుకొచ్చే శిక్ష. రాయలేదు. మర్నాటికి రెట్టింపు, ఆ మర్నాటికి ఇంకా రెట్టింపు, చివరికి రెండు వందల దాకా పెరిగింది. గుజరాతీలో ఎక్కాలను పాడా అంటారు. పాడా అంటే దున్నపోతులని కూడా అర్థం. రెండు వందల పాడాలు తెచ్చానండీ, గుమ్మం దాకా రాగానే వాటిలో ఒకటి పొగరుబోతుది కుమ్మింది, తక్కినవన్నీ బెదిరి పారిపోయాయి, అన్నాడట. పంచాయితీ హెడ్మాస్టరు దాకా వెళ్ళింది. మా తరగతిలో ఎవరైనా ఇలా అంటే మేము నవ్వు ఆపుకోగలమో లేదో చెప్పలేం. అయినా ప్రయత్నించకండి, తెలుగులో ఎక్కానికి ఆ రెండో అర్థం లేదు.

కాలేజీలో చదివే స్తోమత లేదు. లా పుస్తకాలు అరువు తెచ్చుకుని ఇంట్లోనే చదివి, 1900లో జిల్లా ప్లీడరు పరీక్ష ప్యాసయ్యారు. ఆ రోజుల్లో నల్లకోటు వేసుకున్న వాళ్ళందరూ ఒక్కటి కాదు. ప్లీడరు జిల్లాలోని కోర్టుల్లో వాదించేవాడు. లండన్ వెళ్ళి చదివి వచ్చినవాడు బారిస్టరు, అతను హైకోర్టులోనూ నిలబడగలడు, ఫీజూ పెద్దదే. పటేల్ మొదట గోధ్రాలో పెట్టెలు దించారు. అక్కడ ప్లేగు వచ్చింది. జబ్బుపడిన ఒక స్నేహితుడికి సేవ చేయబోయి తనూ జబ్బు తెచ్చుకున్నారు. ఇంట్లోవాళ్ళను దూరంగా పంపేసి, నడియాద్‌లో ఒంటరిగా ఉండి కోలుకున్నారు. పదిహేడేళ్ళ తర్వాత ఆ ప్లేగు ఆయనకు మళ్ళీ ఎదురవుతుంది.

1902లో బోర్సద్ వెళ్ళారు. అది ఖేడా జిల్లాలో చిన్న తాలూకా ఊరు, క్రిమినల్ కేసులకు పెట్టింది పేరు. ప్లీడరుగారికి పని దొరికింది, పేరూ వచ్చింది. కొద్దికొద్దిగా డబ్బు వెనకేసి లండన్ ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకున్నారు. టికెట్టు, కాగితాలు వి.జె. పటేల్ అన్న పేరుతో వచ్చాయి. అన్నగారు విఠల్‌భాయికీ అవే పొడి అక్షరాలు. ఆయనా ప్లీడరే. కాగితాలు అన్నగారి చేతిలో పడ్డాయి. తమ్ముడి కన్నా ముందు అన్న వెళ్ళడం మర్యాద అన్నారు. వల్లభ్‌భాయి సరేనన్నారు. అన్నగారి ఖర్చు కూడా తానే భరించారు. తన వంతు 1910 దాకా రాలేదు.

ఈ మధ్యలో, 1909లో, భార్య ఝవేర్‌బా బొంబాయి ఆసుపత్రిలో కన్నుమూశారు. టెలిగ్రాము వచ్చిన సమయానికి ఆయన కోర్టులో ఒక సాక్షిని ప్రశ్నిస్తున్నారు. కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ప్రశ్నలు పూర్తి చేశారు. ప్రసంగాల పోటీల్లో ఈ సంగతిని చప్పట్ల కోసం చెబుతుంటారు. అలా చెప్పడం మాకు ఇష్టం లేదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, మణిబెన్, డాహ్యాభాయి. ఆ సాయంత్రం కోర్టు నుంచి ఇంటికి వెళ్ళిన మనిషి లోపల ఏముందో ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆపైన మనం ఊహించి చెప్పే మాటలు అనవసరం.

లండన్‌లో పుస్తకాలు కొనే డబ్బు లేక, బసకు మైళ్ళ దూరంలో ఉన్న మిడిల్ టెంపుల్ గ్రంథాలయానికి నడిచి వెళ్ళి, అది మూసేదాకా చదివి, నడిచి తిరిగొచ్చేవారు. 36 నెలల చదువు 30 నెలల్లో ముగించారు. 1913లో తిరిగొచ్చి, బోర్సద్ కాదని, అహ్మదాబాదులో కాపురం పెట్టారు.

ఆ అహ్మదాబాదు ఎలా ఉండేదో చూద్దాం. సబర్మతి ఒడ్డున కోట గోడ, గోడలోపల పాత ఊరు. పాత ఊళ్ళో పోళ్ళు. పోల్ అంటే ఒకే ద్వారం వెనక ఒదిగిన ఇరుకు సందుల గుంపు. మన పేట, వాడ లాంటిదే కానీ రాత్రిపూట తలుపు వేసేసుకునే వాడ. పెద్ద ఇళ్ళలో నట్టింటి వాకిలి కింద టాంకా అనే భూగర్భ తొట్టి ఉంటుంది. వానాకాలంలో కప్పు మీద పడిన నీరు గొట్టం గుండా అందులోకి దిగుతుంది. ఏడాదంతా తాగడానికి ఆ నీరే. ఇది పాత ఏర్పాటు. 1861లో రణ్‌ఛోడ్‌లాల్ ఛోటాలాల్ అనే ఆయన అక్కడ మొదటి బట్టల మిల్లు పెట్టారు. తర్వాత మిల్లు మీద మిల్లు లేచింది, పల్లెల నుంచి కూలీలు వచ్చిపడ్డారు. ఆ రణ్‌ఛోడ్‌లాలే మునిసిపాలిటీకి మొదటి భారతీయ అధ్యక్షుడు. ఊళ్ళోవాళ్ళు వద్దువద్దంటున్నా కుళాయి నీరు, భూగర్భ మురుగు కాలువలు మొదలుపెట్టించారు. కానీ ఊరు పెరిగిన వేగం కాలువలకు లేదు. 1921 జనాభా లెక్కల్లో ఊరు రెండున్నర లక్షలు దాటింది.

మన కొత్త బారిస్టరుకు మొదట్లో ఇవేవీ పట్టలేదు. సూటు, హ్యాటు, గుజరాత్ క్లబ్బులో సాయంత్రాలు పేకాట. గాంధీగారు అదే ఊళ్ళో ఆశ్రమం పెట్టి, గోధుమల్లో రాళ్ళు ఏరడం గురించీ మరుగుదొడ్లు కడగడం గురించీ మాట్లాడుతుంటే, ఈయన క్లబ్బులో కూర్చుని హాస్యాలాడేవారు. ఆ హాస్యాలు ఎంతోకాలం సాగలేదు.

1917లో స్నేహితుల ఒత్తిడి మీద దరియాపూర్ వార్డు నుంచి మునిసిపాలిటీకి పోటీచేసి, చాలా తక్కువ తేడాతో గెలిచారు. అప్పట్లో అందరికీ ఓటు లేదు, ఆస్తీ పన్నూ ఉన్న కొద్దిమందికే. ప్రభుత్వం నియమించిన ఆంగ్ల కమిషనరు ఒకరు కౌన్సిలు మాటను ఖాతరు చేసేవారు కాదు. కొత్త కౌన్సిలరు కేకలు వేయలేదు. పాత ఫైళ్ళు తెప్పించుకుని, కోర్టులో కేసు తయారుచేసినట్టు ఒక్కొక్క కాగితం పేర్చి, తీర్మానం పెట్టారు. చివరికి ఆ అధికారి అహ్మదాబాదు వదిలి వెళ్ళవలసి వచ్చింది. సాక్షిని ప్రశ్నించే నేర్పు ఫైలును ప్రశ్నించడానికి పనికొచ్చిందన్నమాట.

ఆయనకు అప్పగించిన పని శానిటరీ కమిటీ. అంటే పారిశుధ్యం. చెత్త, మురుగు, మరుగుదొడ్లు. లండన్ బారిస్టరు కోరుకునే పదవి కాదది. ఆ ఏడే ప్లేగు వచ్చింది.

ప్లేగు ఎలా వస్తుందో సైన్సులో చదివే ఉంటారు. ఎలుకల మీద బతికే గోమార్లు, అంటే ఈగల్లా ఎగరకుండా గెంతే చిన్న పురుగులు, రోగక్రిమిని మోస్తాయి. ఎలుక చస్తే అవి మనిషి మీదికి గెంతుతాయి. అందుకే చూరులోంచి ఎలుక రాలిపడితే ఇల్లు ఖాళీ చేయమనేవారు మన పెద్దవాళ్ళు. చెత్త ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట ప్లేగు. అహ్మదాబాదు ఖాళీ అయింది. డబ్బున్నవాళ్ళు ఊరవతల ఇళ్ళకు వెళ్ళారు, కూలీలు తమ పల్లెలకు వెళ్ళారు, బడులు, కోర్టులు మూతపడ్డాయి. కోర్టు లేకపోతే వకీలుకు ఊళ్ళో పనేముంది? పటేల్ మాత్రం కదల్లేదు. పొద్దున్నే బయల్దేరి పోళ్ళలోకి వెళ్ళి, దగ్గరుండి కాలువలు తీయించారు, మందు చల్లించారు. పాకీ పనివాళ్ళు పారిపోకుండా నిలబడ్డారంటే, కమిటీ పెద్ద తమ పక్కనే నిలబడ్డాడు గనక, అని మా ఊహ. ప్లేగు ఎంత ప్రమాదమో గోధ్రాలో సొంత ఒంటి మీద చూసినవాడు ఇలా తిరగడం వేరు, తెలియక తిరగడం వేరు. ఈసారి కూడా ఆరోగ్యం దెబ్బతిని కొంతకాలం విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. "మా ఊరు" అనే అంశం మీద పది వాక్యాలు రాయమంటే, మా తరగతుల్లో ఎప్పుడూ ఒకే ప్రశ్న వస్తుంది. ఏ ఊరు గురించి రాయాలి? నాన్న పుట్టిన ఊరా, తను పుట్టిన ఊరా, పోయిన ఏడాది దాకా ఉన్న ఊరా, ఇప్పుడు ఉంటున్న క్వార్టర్సా? పోయిన ఏడాది ఒక ఆరో తరగతి పాప ఖాళీ కాగితం ఇచ్చి, ఇంకా నిర్ణయించుకోలేదు, అంది. మాకూ అదే అవస్థ. రేషన్ కార్డులో ఒక ఊరు, బ్యాంకు ఖాతాలో ఒక ఊరు, బీరువా మీద ట్రాన్స్‌పోర్టువాళ్ళు రాసిన పాత ఊరి పేరు ఇంకా చెరిగిపోలేదు. నాలుగేళ్ళ కిందట పెట్టె దించిన మనిషి, కష్టకాలంలో ఆ ఊరివాళ్ళే వెళ్ళిపోతుంటే, మురుగు కాలువ పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత అహ్మదాబాదు ఆయన్ను ఎక్కడివాడివని అడగలేదు.

1918లో ఖేడా రైతుల శిస్తు సత్యాగ్రహం, ఆ తర్వాత సహాయ నిరాకరణ. ప్రాక్టీసు మానేశారు, సూటు పోయి ఖద్దరు వచ్చింది. మునిసిపాలిటీ తన ప్రాథమిక బడుల మీద ప్రభుత్వ పెత్తనం వద్దంది. దాంతో 1922లో ప్రభుత్వం కౌన్సిలునే పక్కనపెట్టింది. ఈ భాగం మీ చరిత్ర పుస్తకంలో వివరంగా ఉంటుంది గనక మేము దాటిపోతున్నాం.

1924లో మళ్ళీ ఎన్నికలు జరిగాయి, పటేల్ అధ్యక్షుడయ్యారు. ఆ కాలంలో దేశంలో ఎవరెవరు ఏ కుర్చీల్లో ఉన్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అలహాబాదు మునిసిపాలిటీకి జవహర్‌లాల్ నెహ్రూ. పాట్నాకు రాజేంద్రప్రసాద్. కలకత్తాకు మొదటి మేయరుగా చిత్తరంజన్ దాస్. అందరూ వకీళ్ళే. వీళ్ళకు ముందే, 1917లో, సేలం మునిసిపాలిటీకి అక్కడి వకీలు రాజాజీ ఛైర్మన్. ఇంకా ముందు మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. రాజమండ్రిలో ప్లీడరుగా ఉంటూ, లండన్ వెళ్ళి బారిస్టరు కాకముందే ఆ ఊరి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన ఆయనే ఈయన. ఎందుకిలా అంటే, ఆంగ్లేయుల కాలంలో భారతీయులకు నిజంగా ఏదైనా నడిపే అవకాశం ముందుగా దొరికింది ఊరి కుళాయిలూ కాలువల దగ్గరే. సైన్యం, ఖజానా, రైళ్ళు వాళ్ళ చేతిలో పెట్టుకుని, మురుగు మనకు వదిలారు. అందులోంచే వీళ్ళందరూ పరిపాలన నేర్చుకున్నారు. అందరూ ఒకేలా నేర్చుకోలేదు లెండి. ఆ పని విసుగనిపించి త్వరగా బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. పటేల్‌కు ఆ పని నచ్చింది.

మునిసిపల్ అధ్యక్షుడి పని ఎలా ఉంటుందో పైకి కనపడదు. నీటిగొట్టం ఒకటి పాత ఊళ్ళో వేయాలంటే మొదట డబ్బు కావాలి. డబ్బు పన్నుల్లోంచి రావాలి. పన్ను బకాయిపడేవాళ్ళు పేదవాళ్ళు కాదు, పెద్దవాళ్ళు. వాళ్ళలో సగంమంది మనకు తెలిసినవాళ్ళే అయి ఉంటారు. గొట్టం వేయడానికి రోడ్డు తవ్వితే దుకాణంవాడికి కోపం. వాలు ఒక జానెడు తేడా వస్తే మురుగు ముందుకు పోదు, వెనక్కి వస్తుంది. భూమికింద కాలువ అంతా వాలు లెక్క మీదే నడుస్తుంది, దానికి ఏ నాయకుడి మాటా చెవికెక్కదు. ఇంజనీరు చెప్పింది అర్థం చేసుకోవాలి, అర్థం కాకపోతే అడగాలి. పటేల్ అడిగేవారు. కాలువలూ నీటి సరఫరా పాత ఊరు దాటి కొత్త పేటల దాకా పెరిగాయి, బకాయిల వసూలు గట్టిపడింది.

అందరినీ మెప్పించారని మేము చెప్పం. కోట గోడ కూల్చి ఆ చోట రోడ్డు వేయాలన్న పథకం మీద ఊళ్ళో పెద్ద గొడవే నడిచింది. గోడ ఊరికి గాలి ఆడనివ్వదని ఒక వాదన, తాతల నాటి గోడ కూలిస్తే మా ఇళ్ళూ స్థలాలూ ఏమవుతాయని ఇంకో వాదన. పటేల్ కూల్చేవైపు నిలబడ్డారు. ఇప్పుడు ఆ ఊరికి వెళితే పాత ద్వారాలు రోడ్ల మధ్య ఒంటరిగా నిలబడి కనిపిస్తాయి, వాటిని కలిపే గోడ చాలాచోట్ల లేదు. 2017లో ఆ పాత నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గోడ ఉండి ఉంటే బాగుండేదా? పదో తరగతివాళ్ళు దీనిమీద వాదించుకోవచ్చు. మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

1927 జూలై చివర్లో గుజరాత్ మీద వాన విరుచుకుపడింది. ఏడాది మొత్తానికి పడవలసిన దానికన్నా ఎక్కువ వాన కొద్దిరోజుల్లోనే పడింది. చుట్టూ గోడలు, రోడ్ల గట్లు, రైలు కట్టలు ఉన్న ఊళ్ళో పడ్డ నీరు ఎటు పోతుంది? ఎటూ పోదు, లేస్తుంది. మట్టిగోడల ఇళ్ళు కూర్చుండిపోవడం మొదలైంది. ఒకరాత్రి పడుకున్న పటేల్‌కు నిద్రపట్టలేదు. ఆ వానలోనే లేచి బయటికి నడిచారు. ఒక తోటి కౌన్సిలరు తలుపు తట్టి లేపారు, ఇద్దరూ కలిసి మునిసిపల్ ఇంజనీరు ఇంటికి వెళ్ళారు. నీరు ఎక్కడ ఆగిందో చూసి, రోడ్ల కింది కల్వర్టులు పగలగొట్టించి దారి ఇచ్చారు.

మన భాషలో గండి కొట్టడం అంటే మంచి మాట కాదు. చెరువుకు గండి కొడితే ఊరు మునుగుతుంది. అహ్మదాబాదులో ఆ రాత్రి గండి కొట్టడమే ఊరిని కాపాడింది. ఎక్కడ కొట్టాలో తెలియడం ముఖ్యం. కటిక చీకట్లో, జోరువానలో, ఏ రోడ్డు కింద ఏ కల్వర్టు ఉందో, ఆ నీరు ఎటు వాలితే ఏ పేట బతుకుతుందో తెలిసిన అధ్యక్షుడు ఉండటం ఆ ఊరి అదృష్టం అనుకోవచ్చు. మేము అదృష్టం అనుకోవడం లేదు. పదేళ్ళు ఆ సందుల్లో తిరిగిన నడక అది. ఊరు తేరుకున్నాక పల్లెల వంతు వచ్చింది. జిల్లాల్లో ఇళ్ళు పోయినవారికి తిండిగింజలు, విత్తనాలు, కప్పు చేర్చే పనిలో కార్యకర్తలను ఊరూరా పంపారు. ఎక్కడ ఎంత అవసరమో లెక్క రాయించి మరీ పంచారు.

1928లో కౌన్సిలులో విభేదాలు ముదిరాయి. ఆయన మాట నెగ్గని సందర్భాలు వచ్చాయి. ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. ప్రసంగాల్లో ఈ రాజీనామా రాదు, విజయం కాదు కదా. అప్పటికే బార్డోలీ రైతులు శిస్తు పెంపు మీద సత్యాగ్రహం మొదలుపెట్టి ఆయన్ను పిలిచారు. సర్దార్ అన్న పేరు అక్కడ వచ్చింది. బార్డోలీలో ఊరూరికీ శిబిరం, రోజువారీ వార్తాపత్రిక, ఎవరి పశువును ఎప్పుడు జప్తు చేశారో లెక్క, అన్నీ పక్కాగా సాగాయి. చూసినవాళ్ళు యుద్ధనేర్పు అన్నారు. మాకు మాత్రం అందులో శానిటరీ కమిటీ కనిపిస్తుంది. తర్వాత సంస్థానాల పనిలోనూ అదే కనిపిస్తుంది. ఒక్కొక్క రాజు, ఒక్కొక్క ఫైలు, ఎవరికి ఏ భయం, ఎవరికి ఎంత భరణం. వార్డు వారీగా నడిచినవాడు సంస్థానం వారీగా నడిచారు.

అహ్మదాబాదు మునిసిపాలిటీలో ఆయనతో పనిచేసిన మరో వకీలు గణేశ్ వాసుదేవ్ మావలంకర్ తర్వాత తానూ ఆ ఊరికి అధ్యక్షుడయ్యారు, స్వతంత్ర భారతంలో లోక్‌సభ మొదటి స్పీకరూ అయ్యారు. ఇక హైదరాబాదులో ఐ.పి.ఎస్. అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ పోలీసు అకాడమీకి పటేల్ పేరే ఉంది. మీలో కొందరి నాన్నలకో అమ్మలకో ఆ ప్రాంగణం తెలిసే ఉంటుంది.

పాఠం అయ్యాక చేయవలసిన పని

ఈసారి ప్రశ్న జవాబులు వద్దు. ఇప్పుడు మీరు ఉంటున్న ఊళ్ళో, మీ క్వార్టర్సు ఏ వార్డులో ఉందో కనుక్కోండి. కంటోన్మెంటులో ఉన్నవాళ్ళకు మునిసిపాలిటీ ఉండదు, కంటోన్మెంటు బోర్డు ఉంటుంది, దాన్ని గురించి రాయండి. మీ కుళాయిలోకి వచ్చే నీరు ఏ నదిదో, ఏ చెరువుదో, ఏ బోరుదో అడగండి. స్నానాలగదిలోంచి బయటికి పోయే నీరు ఎక్కడికి చేరుతుందో కూడా అడగండి, దీనికి జవాబు దొరకడం కాస్త కష్టం, ఓపిక పట్టండి. మురుగు కాలువను, చెత్తబండిని, నీళ్ళ ట్యాంకును ఆ ఊరి భాషలో ఏమంటారో తెలుసుకుని, పక్కన తెలుగు మాట రాయండి. గువాహటీలోనో, జోధ్‌పూర్‌లోనో ఉన్న పిల్లలకు ఈ పనిలో మాకన్నా ఎక్కువ మాటలు దొరుకుతాయి. వాన వచ్చినప్పుడు మీ వీధిలో నీరు మొదట ఎక్కడ నిలుస్తుందో గమనించి, ఒక చిన్న పటం గీయండి.

వీటితో "మా ఊరు" అని పది వాక్యాలు. అక్షర దోషాలు మేము దిద్దుతాం. నీరు ఎటు వాలుతుందో మాత్రం వాన వచ్చినప్పుడు బయటికి వెళ్ళి మీరే సరిచూసుకోండి. గొడుగు మరచిపోకండి.